యానాం అంగడి వీధి ఎవరి కోసం?

గౌతమీ గోదావరి తీరాన వెలసిన యానాం పట్టణంలో దుకాణాలకు కొదవ లేదు. అయితే అంగళ్లు ఎన్ని ఉన్నాయన్నది ఒక లెక్క, అవి ఎవరి అవసరాలు తీరుస్తున్నాయన్నది మరొక లెక్క. పట్టణ నడిబొడ్డున కొత్తగా ఏ దుకాణాలు రావాలన్న చర్చకు ఈ రెండో లెక్కే ఆధారం కావాలి.

యానాం వైశాల్యం 30 చదరపు కిలోమీటర్లు. 2001లో ముప్పై ఒక్క వేలకు పైగా ఉన్న జనాభా 2011 నాటికి 55,626కు చేరింది. పాలనా కేంద్రమైన పుదుచ్చేరి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లోని కాకినాడ సుమారు 30 కిలోమీటర్లలో ఉంది. నీలపల్లి, ఇంజరం, ఎదుర్లంక వంటి పొరుగు గ్రామాల ప్రజలకు యానాం బజారే దగ్గరి బజారు. పాలన వేరైనా బంధుత్వం ఒకటే, భాష ఒకటే, సంత ఒకటే. కనుక ఈ చర్చ యానాం మునిసిపాలిటీ పొలిమేరతో ఆగిపోయేది కాదు.

సరిహద్దు కట్టిన బజారు

యానాం వర్తకానికి మొదటినుంచీ పెట్టుబడి సరిహద్దే. ఫ్రెంచి ఏలుబడిలో సుంకాలు వేరు, చట్టాలు వేరు. బ్రిటిషు ఇండియాలో దొరకని విదేశీ సరుకు ఇక్కడ దొరికేది. చుట్టుపక్కల జిల్లాల ప్రజలు దానికోసం వచ్చేవారు. బాల్యవివాహాలను నిరోధించే శారదా చట్టం 1929లో ఆమోదం పొంది మరుసటి ఏడాది అమలులోకి వచ్చినప్పుడు, ఆ చట్టం వర్తించని యానాంకు పెళ్లి బృందాలు తరలివచ్చాయి. ఊరికి కల్యాణపురమన్న పేరు అలా వచ్చినదే. పెళ్లివారు దిగిన చోట బట్టలూ సరుకులూ అమ్ముడుపోవడం సహజం. ఒక చట్టంలోని తేడా ఒక ఊరి వ్యాపారాన్ని ఎలా పోషించగలదో, ఆ పోషణ ఎంత అనారోగ్యకరం కాగలదో చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

1954 నవంబరు 1న ఫ్రెంచి పాలన ముగిసింది. 1962 ఆగస్టు 16న విలీనం చట్టరీత్యా పూర్తయింది. సుంకాల గోడ కూలినా అమ్మకపు పన్నులోని తేడా మిగిలింది. అనేక వస్తువులపై పొరుగు రాష్ట్రం కంటె ఇక్కడ పన్ను తక్కువ. 2002లో ఎదుర్లంక వారధి తెరుచుకోవడంతో కోనసీమకు దారి సుగమమై, బయటి కొనుగోలుదారుల రాక మరింత సులువైంది. అంగడి వీధి వారి చూపుకు తగినట్లుగా రూపుదిద్దుకుంది.

తేడా తొలగిన తర్వాత

2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోకి రావడంతో ఈ కథలో ఒక అధ్యాయం ముగిసింది. చీరకైనా ఫ్యానుకైనా కాకినాడలో ఎంత పన్నో యానాంలోనూ అంతే. ఆ పన్ను పరిధికి వెలుపల మిగిలినవాటిలో బజారుకు సంబంధించినవి ముఖ్యంగా రెండు: మద్యం, ఇంధనం. కనుకనే సరిహద్దు వ్యాపారం ఆ రెండింటి చుట్టూ పోగయింది.

ఆ వ్యాపారం ఎంత నిలకడ లేనిదో గత కొన్నేళ్ల అనుభవమే చెబుతోంది. 2019 అక్టోబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. ధరలు పెరిగాయి, అలవాటైన రకాలు కరువయ్యాయి. దాహం గల వారి చూపు సరిహద్దు ఇవతలికి మళ్లింది. 2020లో కొవిడ్ కాలాన పుదుచ్చేరి ప్రభుత్వం మద్యంపై ప్రత్యేక సుంకం విధించి పొరుగు రాష్ట్రాలతో ధరల తేడాను తగ్గించింది. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ తిరిగి ప్రైవేటు దుకాణాలకు అనుమతినిచ్చి, క్వార్టరు సీసా 99 రూపాయలకే దొరికే ఏర్పాటు చేసింది. అమరావతిలో ఒక ఉత్తర్వు, పుదుచ్చేరిలో మరొక ఉత్తర్వు. ఈ రెండింటి మధ్య యానాం వీధిలోని గిరాకీ ఆటుపోట్లకు లోనవుతూ ఉంటుంది.

మద్యం మీది ఆదాయం పుదుచ్చేరి ఖజానాకు ముఖ్యమైనదే. ఆ దుకాణాల్లో పనిచేసి బతుకుతున్న కుటుంబాలూ ఉన్నాయి. వాటిని రాత్రికి రాత్రి మూసివేయాలనడం ఆచరణకు నిలవదు. కానీ ఒక పట్టణం తన ప్రధాన వీధిని అటువంటి సరుకుకే అప్పగించి కూర్చుంటే నష్టపోయేది అక్కడ నివసించేవారే. 2012 జనవరి అల్లర్ల తర్వాత పెద్ద టైల్సు కర్మాగారం మూతపడినప్పుడు ఒక్క ఆధారాన్ని నమ్ముకోవడం ఎంత ప్రమాదమో యానాం ఒకసారి చూసింది. అదే పాఠం బజారుకూ వర్తిస్తుంది.

ఇంటి ఖర్చు చెప్పే జాబితా

ఏ దుకాణాలు కావాలో తెలుసుకోవడానికి ఇంటి నెలసరి ఖర్చును చూస్తే చాలు. ఏ వస్తువు కోసం ఇంటి మనిషి ఒక పూట కూలి పోగొట్టుకొని, బస్సు చార్జీ పెట్టుకొని కాకినాడకో అమలాపురానికో పోవలసి వస్తుందో, ఆ వస్తువుకు ఇక్కడ దుకాణం కావాలన్నమాట. వస్తువు ధరకు ఆ కూలినీ ఆ చార్జీనీ కలిపితేనే అసలు ధర తేలుతుంది.

ముందుగా బియ్యం. ఆహార భద్రతా చట్టం కింద ధాన్యానికి బదులు నగదును బ్యాంకు ఖాతాలో వేసే ప్రయోగానికి 2015 సెప్టెంబరులో పుదుచ్చేరి, చండీగఢ్‌లను ఎంచుకున్నారు. నగదు ఇస్తే ఇష్టమైన బియ్యం కొనుక్కోవచ్చునన్నది దాని వెనుక వాదం. ఆ వాదం నిజం కావాలంటే సరసమైన ధరకు బియ్యం అమ్మే అంగడి నడక దూరంలో ఉండాలి. ఖాతాలో పడిన డబ్బు ఇంటి ఇల్లాలి చేతికి రాకముందే వేరొక దారి పట్టే ప్రమాదమూ ఉంది. ఆ దారిలోనే మద్యం దుకాణం ఉంటే చెప్పనక్కరలేదు. 2024 అక్టోబరులో పుదుచ్చేరి ప్రభుత్వం చౌకధరల దుకాణాల ద్వారా ఉచిత బియ్యం పంపిణీని తిరిగి ఆరంభించడం ఆ లోపాన్ని గుర్తించడమే. ఇక కావలసింది ఆ దుకాణాలు నెల నెలా తప్పక తెరిచి ఉండటం, బియ్యంతోపాటు పప్పు, నూనె వంటి సరుకులనూ అందించడం.

తర్వాత ఔషధాలు. బీపీకి, మధుమేహానికి రోజూ వేసుకునే మాత్రలు నెల ఖర్చులో కిరాయిలాగా స్థిరపడిపోయాయి. అదే మందు కంపెనీ పేరుతో ఒక ధర, జన ఔషధి కేంద్రంలో అంతకంటె చాలా తక్కువ ధర. దేశంలో ఈ కేంద్రాల సంఖ్య 2025 నాటికి 15,000 దాటింది. కేంద్రం ఉండటం ఒక్కటే సరిపోదు. రాసిచ్చిన మందు నిల్వ ఉండాలి, రాత్రివేళ పిలిస్తే పలికే కొట్టు ఊరిలో ఒకటైనా ఉండాలి. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటి, యానాం వీధుల్లోకి నీరు వచ్చిన సంగతి ఇక్కడివారు మరువలేరు. వరద రోజుల్లో కాకినాడకు పోయి మందులు తెచ్చుకొమ్మని రోగికి చెప్పలేము. మందులు, బియ్యం అమ్మే కొట్లకు మెరక మీద గాని, మేడ మీద గాని నిల్వ చోటు ఉండితీరాలి.

మూడవది పుస్తకాల దుకాణం. యానాం ప్రభుత్వ పాఠశాలలు చాలాకాలం ఆంధ్రప్రదేశ్ పాఠ్యప్రణాళికను అనుసరించాయి. ఇటీవలి సంవత్సరాల్లో పుదుచ్చేరి ప్రభుత్వం తన బడులను సీబీఎస్ఈ విధానంలోకి మార్చింది. వారధికి అవతల చదివే పిల్లవాడిది రాష్ట్ర సిలబస్, ఇవతల చదివే అతని మేనమామ కూతురిది కేంద్ర సిలబస్. పాత పుస్తకాలు ఇంట్లో చేతులు మారే అవకాశం తగ్గింది. రెండు విధాల పుస్తకాలు, వాటికి తగిన అభ్యాస పుస్తకాలు, వాటి పక్కన నాలుగు మంచి తెలుగు పుస్తకాలు ఒక్క కప్పు కింద దొరికితే సరిహద్దు కుటుంబాలకు అంతకంటె ఉపకారం లేదు.

నాలుగవది పనిముట్ల కొట్టు, దానిని ఆనుకొని మరమ్మతు చేసే చోటు. యానాంలో వేటమీద బతికేవారు గణనీయంగా ఉన్నారు. వల, తాడు, పడవ ఇంజను విడిభాగం, ఐసు. వీటిలో ఏది ఒక పూట దొరకకపోయినా ఆ పూట వేట పోయినట్లే. మిక్సీ, ఫ్యాను, కుట్టుమిషను బాగుచేసే చేయి దగ్గరలో ఉంటే కొత్తది కొనవలసిన ఖర్చు తప్పుతుంది. ఇంటికే పార్సిలు తెచ్చే ఆన్‌లైన్ వ్యాపారం అమ్మకాన్ని లాక్కోగలదు గాని, మరమ్మతు చేసే చేతిని అంత సులభంగా లాక్కోలేదు. చిన్న పట్టణపు వర్తకుడికి ఇది నిలదొక్కుకోగల చోటు.

చివరిది కూరగాయలు, చేపల అంగడి. వరదనీటికి ఎదురీదే పులసకు యానాం రేవులో పలికే ధర పత్రికలకెక్కుతుంది. దానిని అమ్మే మత్స్యకార స్త్రీకి నీడ, మంచినీరు, మరుగుదొడ్డి, ఐసు పెట్టె ఉన్నాయా అన్నది పత్రికలకెక్కదు. మంగళవారం సంతకు వచ్చే పల్లె రైతుకూ ఇదే వర్తిస్తుంది. బజారును మెరుగుపరచడమంటే కొత్త గాజు తలుపుల దుకాణాలను తేవడమే కాదు, నేల మీద కూర్చొని అమ్మేవారికి చోటు కల్పించడం కూడా.

లెక్కల పుస్తకంలో మిగిలిన సరిహద్దు

లాభం లేకపోతే ఇటువంటి దుకాణాలు ఎవరు పెడతారన్న ప్రశ్న న్యాయమైనదే. గిరాకీకి లోటుండదు; యానాం జనాభాకు పొరుగు గ్రామాల జనాభా తోడవుతుంది. అడ్డంకి పన్ను నిబంధనల్లో ఉంది. సరుకులు అమ్మే వ్యాపారి ఏడాది టర్నోవరు 40 లక్షల రూపాయల లోపు ఉంటే వస్తు సేవల పన్ను నమోదు అక్కరలేదన్న సడలింపు 2019 ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వర్తిస్తోంది. పుదుచ్చేరికి మాత్రం ఆ పరిమితి పాత 20 లక్షల వద్దనే ఉంచారు. వారధికి అవతల నమోదు లేకుండా నడవగల కొట్టు ఇవతల నమోదు, నెలనెలా లెక్కల భారం మోయవలసి వస్తోంది.

రెండవ అడ్డంకి ఇంకా విచిత్రమైనది. నీలపల్లిలో పచ్చళ్లు పెట్టే ఒక మహిళా బృందం అయిదు, పది సీసాలను యానాం కొట్టుకు వేస్తే, దూరం ఎంత తక్కువైనా అది అంతర్రాష్ట్ర సరఫరాయే. పన్ను పడే సరుకును రాష్ట్రం దాటించి అమ్మేవారికి, కొన్ని హస్తకళా వస్తువుల వంటి మినహాయింపులు తప్ప, టర్నోవరు ఎంత తక్కువైనా నమోదు తప్పనిసరి. అదే బృందం కాకినాడలో అమ్మితే ఆ బాధ లేదు. బయటివారిని రప్పించిన పన్ను తేడా పోయింది గాని, పొరుగువారిని ఆపే సరిహద్దు లెక్కల పుస్తకంలో మిగిలిపోయింది. పుదుచ్చేరి ప్రభుత్వం పరిమితిని 40 లక్షలకు పెంచుకోవాలి. చుట్టూ వేరే రాష్ట్రమున్న ప్రాంతాల చిన్న ఉత్పత్తిదారులకు మినహాయింపు కోసం జీఎస్టీ మండలిలో గట్టిగా అడగాలి.

నిర్ణయం ఎవరి చేతిలో?

ప్రజలకు కావలసినవి చెప్పుకోవడానికి వేదిక ఉండాలి. పుదుచ్చేరి ప్రాంతంలో 1968 తర్వాత స్థానిక ఎన్నికలు మళ్లీ జరిగింది 2006లో. అప్పుడు ఎన్నికైనవారి గడువు 2011లో ముగిసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎన్నికలు లేవు. వార్డు సభ్యుడే లేనప్పుడు వీధి చివర మద్యం దుకాణం వద్దని, మందుల కొట్టు కావాలని చెప్పుకోవలసింది ఎవరికి? అర్జీ పట్టుకొని అధికారి గది ముందు నిలబడటం ప్రజాస్వామ్యానికి ప్రత్యామ్నాయం కాదు.

ఎన్నికలు జరిగేదాకా చేతులు ముడుచుకొని ఉండనవసరం లేదు. 2014 నాటి వీధి వర్తకుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో వర్తక కమిటీ ఉండాలి; అందులో కనీసం 40 శాతం మంది వీధి వర్తకులే కావాలి, వారిలో మూడింట ఒక వంతు స్త్రీలు కావాలి. అయిదేళ్లకొకసారి సర్వే జరగాలి. 2020 జూన్‌లో మొదలైన స్వనిధి పథకం కింద పూచీకత్తు లేని తొలి విడత రుణాన్ని 2025లో 10,000 నుంచి 15,000 రూపాయలకు పెంచి, గడువును 2030 మార్చి వరకు పొడిగించారు. ఈ అవకాశాలను మత్స్యకార స్త్రీలు, సంత రైతులు, మరమ్మతు పనివారు అందుకునేలా చూడటం మునిసిపాలిటీ చేయగల పని. తన ఆస్తిగా ఉన్న గదులను అద్దెకిచ్చేటప్పుడు ఎక్కువ పాట పాడినవానికే కట్టబెట్టక, కొన్నింటిని ఔషధాలకు, పుస్తకాలకు, మహిళా సంఘాలకు ప్రత్యేకించడమూ సాధ్యమే.

మూడు వందల ఏళ్లుగా యానాం బజారు పొరుగువారికి లేనిదానిని అమ్మి బతికింది. ఇప్పుడు పొరుగువారికీ తనవారికీ సమానంగా కావలసినవి అమ్మి బతకవలసిన దశ వచ్చింది. కనకాలపేట, మెట్టకూరు, ఫరంపేట వార్డుల్లో ఇంటింటి అవసరాలను అడిగి రాయించి, ఆ జాబితాను బహిరంగంగా ఉంచిన తర్వాతనే కొత్త లైసెన్సు ఏదైనా ఇవ్వాలన్న నియమం పెట్టుకుంటే, ఆ మార్పుకు అది మంచి మొదలు అవుతుంది.