రాగి మంచిదా, చెడ్డదా అన్నది సరైన ప్రశ్న కాదు

"డాక్టరుగారూ, రాత్రంతా రాగి చెంబులో ఉంచిన నీళ్లు తాగితే ఒంట్లోని విషాలన్నీ పోతాయట, నిజమేనా?" ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది. నీటిలోని కొన్ని సూక్ష్మక్రిములు చనిపోతాయి, అంతకుమించి ఆశించవద్దు. అయితే రాగిని అమృతమనేవారూ, విషమనేవారూ కూడా ఒక విషయాన్ని గమనించడం లేదు. రాగి గుణం అది ఎవరి చేతిలో ఉన్నదన్న దానిపై ఆధారపడుతుంది.

పెద్దవారి దేహంలో ఉండే రాగి సుమారు 100 మిల్లీగ్రాములు మాత్రమే. అది లేనిదే కణాలు శక్తిని తయారుచేసుకోలేవు. రాగికి ఎలక్ట్రానును సులభంగా ఇచ్చి పుచ్చుకునే స్వభావమున్నది. ఎంజైములకు అదే ఉపయోగం. కాని అదే రాగి అదుపు లేక తిరిగితే, హైడ్రోజన్ పెరాక్సైడ్ నుండి హైడ్రాక్సిల్ రాడికల్ అనే తీవ్రమైన పదార్థాన్ని పుట్టిస్తుంది. అది కణంలోని కొవ్వులను, ప్రోటీన్లను, డి.ఎన్.ఎ.ను గాయపరుస్తుంది. ఆక్సీకరణ నష్టమంటే ఇదే.

అందుచేత శరీరం రాగిని ఒంటరిగా వదలదు. ఈస్ట్ కణంలో విడిగా తిరిగే రాగి అయాను ఒక్కటి కూడా ఉండదని 1999లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. మన రక్తంలోని అల్బుమిన్ తన గొలుసు మొదట్లోని మూడు అమైనో ఆమ్లాలతో రాగిని గట్టిగా బంధిస్తుంది. ఆ పట్టులో రాగి దాదాపు నిరపాయకరం. అల్జైమర్స్ రోగుల మెదడులో పేరుకునే అమిలాయిడ్ బీటా అనే పెప్టైడ్ కూడా రాగిని పట్టుకుంటుంది. కాని ఆ పట్టులో రాగి ఎలక్ట్రాన్ల మార్పిడి సాగిస్తూనే ఉంటుంది. ప్రయోగశాలలో దీనికి విటమిన్ సి తోడైతే హానికర రాడికల్స్ పుడతాయి. ఆ వ్యాధికి రాగియే కారణమని దీనితో రుజువు కాలేదు. లోహం ఒకటే అయినా పట్టు మారితే ఫలితం మారుతుందని మాత్రం తేలింది.

ఇది ప్రయోగశాలకే పరిమితమైన ముచ్చట కాదు. నేను వైద్య విద్యార్థిగా ఉన్న రోజుల్లో పిల్లల వార్డులో ఏడాది, రెండేళ్ల పసివాళ్లు ఉబ్బిన పొట్టలతో కనిపించేవారు. చేత్తో తాకితే కాలేయం రాయిలా తగిలేది. తల్లికి ధైర్యం చెప్పడం తప్ప మేము చేయగలిగింది ఉండేది కాదు. పాలు ఏ గిన్నెలో కాచారని మాలో ఎవరమూ అడగలేదు. 1983లో పుణే వైద్యులు, వారి బ్రిటిష్ సహచరులు కలిసి లాన్సెట్ పత్రికలో ఆ ప్రశ్నే లేవనెత్తారు. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో కాచి నిలవచేసిన పాలే ఈ కాలేయ వ్యాధికి కారణం కావచ్చునన్నారు. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ పాత్రలోని రాగిని పట్టుకుని బిడ్డ కడుపులోకి చేరవేస్తుంది. వంటింట్లోకి స్టీలు గిన్నెలు వచ్చాక ఆ వ్యాధి దాదాపు కనుమరుగైంది. ఆ ఒక్క ప్రశ్న ముందే అడిగి ఉంటే ఎందరు బిడ్డలు బ్రతికేవారో అన్న బాధ నాకు నేటికీ ఉన్నది.

కాబట్టి నా సలహా ఇది. ఆరోగ్యవంతులు రాగి చెంబులో మంచినీళ్లు తాగవచ్చు. చెంబును చిలుము లేకుండా తోముకోవాలి. పాలు, మజ్జిగ, నిమ్మరసం, పులుసు అందులో పోయరాదు. పసిపిల్లల పాలకు ఆ పాత్ర అసలే వద్దు. కారణం తెలియని కామెర్లు, చేతివణుకు, చేతిరాత చెడిపోవడం బడి పిల్లల్లో కనిపిస్తే విల్సన్ వ్యాధి ఉన్నదేమో పరీక్షించాలి. పుట్టుకతోనే రాగిని బయటికి పంపలేని ఆ బిడ్డలకు రాగి చెంబు నీళ్లు కూడా తగవు. వారికిచ్చే పెన్సిలమిన్ మందు రాగిని పట్టుకుని మూత్రంలో వెలుపలికి తీసుకుపోతుంది. సకాలంలో గుర్తిస్తే ఆ పిల్లలు అందరిలాగే జీవించగలరు.

"యాంటీ ఆక్సిడెంట్" అని సీసాపై ముద్రించినంత మాత్రాన లోహం తన స్వభావం మార్చుకోదు. కొనేముందు అందులో ఏమి పోస్తారో, ఎవరు తాగుతారో ఆలోచించండి.