మామునూరుకు పచ్చరంగు కాదు, నీళ్ల లెక్క కావాలె

వరంగల్‌కు విమానం వస్తున్నదంటే వద్దనే వాళ్లం కాదు మనం. 1930లో నిజాం కాలంలో కట్టిన మామునూరు విమానాశ్రయం దశాబ్దాల తరబడి మూలకు పడింది. శంషాబాద్ చుట్టూ 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం రావద్దని ఒప్పందంలో రాసుకున్న షరతు దానికి అడ్డం నిలిచింది. చివరికి శంషాబాద్ సంస్థ అభ్యంతరం లేదని చెప్పడంతో, 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి ఇచ్చింది. అంతకు ముందే, 2024 నవంబర్‌లో, రాష్ట్ర సర్కారు ఇంకో 253 ఎకరాల సేకరణకు 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఉన్న 696 ఎకరాలకు ఇవి కలిస్తే దాదాపు 950 ఎకరాలు.

ఇక మొదలయ్యేది రంగుల కథ. ఈ రోజుల్లో ఏ విమానాశ్రయానికి కొబ్బరికాయ కొట్టినా ‘గ్రీన్’ అనే మాట లేకుండా ఉపన్యాసం ముగియదు. కప్పు మీద సోలార్ పలకలు, గేటు ముందు పూలమొక్కలు, గోడ మీద ఒక సర్టిఫికెట్. ఇంతేనా పర్యావరణం?

సోలార్‌ను తక్కువ చేయడం లేదు. కొచ్చిన్ విమానాశ్రయం 2015 ఆగస్టు 18న 12 మెగావాట్ల ప్లాంటు పెట్టి, పూర్తిగా సౌరవిద్యుత్తుతో నడిచే తొలి విమానాశ్రయమని ప్రపంచంలో పేరు తెచ్చుకున్నది. పలకల నడుమ కూరగాయలు కూడా పండించింది. 2018లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారం అందుకున్నది. మామునూరులోనూ మొదటి రోజు నుంచే అటువంటి ప్లాంటు ఉండాలె. కానీ ఆ కరెంటుతో నడిచేవి దీపాలు, ఏసీలు, సామాను బెల్టులు. విమానం ఎగిరేది కిరోసిన్ జాతి ఇంధనం మీద. కిలో ఇంధనం కాలితే మూడు కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. విమానాశ్రయం తన పద్దులో తన కరెంటు రాసుకుని చేతులు దులుపుకుంటుంది, అసలు పొగ ఆకాశం ఖాతాలో పడుతుంది. శంషాబాద్‌కూ కార్బన్ న్యూట్రల్ గుర్తింపు వచ్చింది. అటువంటి గుర్తింపులో లెక్క సరిచేసేది విమానాశ్రయం సొంత పొగకే. పైన పోయే విమానాలది అందులో లేదు. దాదాపు 5,500 ఎకరాలు ఇచ్చిన ఊళ్ల గోడు అసలే లేదు.

మామునూరు సంగతిలో మొదట అడగవలసింది నీళ్ల గురించి. ఇది కాకతీయుల గొలుసుకట్టు చెరువుల నేల. పై కుంట మత్తడి దుంకితే కింది చెరువు నిండే లెక్క ఎనిమిది వందల ఏండ్ల కిందనే కట్టిన నేల. ఇక్కడ ఎక్కడ కాంక్రీటు పోసినా ఎవరి చెరువుకో నీళ్ల దారి మారుతుంది. 2.8 కిలోమీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పు రన్‌వే వేశారనుకుందాం. ఒక్క రోజు పది సెంటీమీటర్ల వాన పడితే ఆ రన్‌వే మీదనే కోటీ 26 లక్షల లీటర్ల నీళ్లు. ఇంతకు ముందు కొంత ఇంకేది, కొంత మెల్లగ పారేది. ఇక గంటలోపే కింది చేన్ల మీద పడుతుంది. విమానాలు నిలిపే జాగ, టాక్సీ వే, కార్ల పార్కింగు కలిపితే ఇంకెంతో! ఇది ఉత్త భయం కాదు. 2023 జూలై వానలకు వరంగల్, హన్మకొండ కాలనీలు మునిగినయి. భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. నాలాలు, శిఖం భూములు మింగిన పాపం ఎట్లుంటదో ఓరుగల్లుకు ఇంకొకరు చెప్పాలా?

ఈ నీళ్లను విమానాశ్రయం లోపల చెరువు తవ్వి ఆపడం కుదరదు. నీళ్లుంటే కొంగలొస్తయి, కొంగలొస్తే విమానానికి ప్రమాదం. ఇదే సాకుతో రేపు చుట్టుపక్కల కుంటలు పూడ్చాలని ఎవరైనా అంటే నమ్మొద్దు. పక్షులను పిలిచేది చెరువు ఒక్కటే కాదు, చెత్తకుప్పలు, మాంసం దుకాణాల వ్యర్థాలు కూడా. ముందు వాటిని దూరం చేయాలె. వాన నీటిని వీలైనంత భూమిలోకి ఇంకించాలె. మిగిలినదాన్ని నూనె, ఇంధనం మరకలు వేరుచేసి, పాత కట్టుకాలువల ద్వారా దూరపు చెరువులకు పంపాలె. టెర్మినల్‌లో వాడిన నీటిని శుద్ధి చేసి మరుగుదొడ్లకు, మొక్కలకు వాడాలె. బోర్ల మీద బతికే విమానాశ్రయం మనకొద్దు.

మొరం సంగతి ఎవరూ మాట్లాడరు. రన్‌వే పొడిగించాలంటే నేల చదును కావాలె. వేల లారీల మొరం ఎక్కడి నుంచి వస్తుంది? ఏ గుట్ట మాయమైతది? వరంగల్ చుట్టూ గుట్టలు ఇప్పటికే కరిగిపోతున్నయి. కాంట్రాక్టు రాసేటప్పుడే మొరం ఎక్కడిదో రాయించకపోతే, తర్వాత అడిగితే దొరికేది శూన్యం.

ఇంకో ప్రశ్న: ఈ విమానాలు ఎటు పోతయి? ఢిల్లీకో ముంబైకో అయితే సరే. హైదరాబాద్‌కు మాత్రం వద్దు. కాజీపేట జంక్షన్‌లో రైలెక్కితే రెండు గంటల్లో సికింద్రాబాద్. అంత దగ్గరి దారికి విమానం లేపితే ఇంధనంలో పెద్ద వాటా పైకెక్కడానికే కాలిపోతుంది. రెండున్నర గంటల లోపు రైలు ఉన్న దారుల్లో దేశీయ విమానాలు వద్దని ఫ్రాన్స్ 2021లో చట్టం చేసి, 2023 మే నుంచి అమలుకు తెచ్చింది. ఆ చట్టం తగిలింది కొద్ది రూట్లకే, అయినా ఒక గీత అంటూ గీసింది. మనమూ మొదట్లోనే గీసుకోవచ్చు. దగ్గరి రాష్ట్రాలకు పోయే రూట్లలో పెద్ద జెట్ల కన్నా ఏటీఆర్ తరహా రెక్కలపంకా విమానాలు ఇంధనం చాలా తక్కువ తాగుతయి, వాటికి చిన్న రన్‌వే చాలు. పెద్ద విమానమే కావాలని ఎవరు తేల్చారు, ఎంతమంది ప్రయాణికులను లెక్కగట్టి తేల్చారు? ఆ లెక్క భూములిచ్చే రైతుల ముందర పెట్టాలె గద!

ఖాళీ విమానాశ్రయానికి మించిన పర్యావరణ నష్టం లేదు. పొలం పోయింది, సిమెంటు పోసింది, విమానం మాత్రం రాలేదు. 2016లో మొదలైన ఉడాన్ పథకం మీద 2023 కాగ్ నివేదిక చూడండి. మూడు విడతల్లో కేటాయించిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మూడేండ్ల రాయితీ ముగిసినంక కూడా నడిచినవి 54. అందుకే టెర్మినల్ చిన్నగ కట్టి, జనం పెరిగితే పెంచుకోవడం మేలు. మెగా టెక్స్‌టైల్ పార్కు పేరు చెప్పి హోటళ్లు, మాల్స్ కోసం ఇంకో వెయ్యి ఎకరాలు అడిగే రోజు రావద్దు.

మిగతావి చేయడం తేలికే. ఆగి ఉన్న విమానం తన సొంత చిన్న ఇంజను నడిపి ఏసీ వేసుకోకుండా నేల మీది కరెంటు ఇవ్వాలె. సామాను బండ్లు బ్యాటరీవి పెట్టాలె. వరంగల్, కాజీపేట స్టేషన్లకు ఎలక్ట్రిక్ బస్సులు వేయాలె. డబ్బు పెడితే ఏడాదిలో అయ్యే పనులివి, వాటినే గొప్పగా చెప్పుకోనివ్వొద్దు.

2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలె, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలె. సారాంశం తెలుగులో ఇచ్చి, వందల పేజీల అసలు నివేదిక ఇంగ్లీషులో వదిలేసే ఆట మనకు తెలిసిందే. నీళ్ల అధ్యాయం మొత్తం తెలుగులో కావాలె. గుంటూరుపల్లి, నక్కలపల్లి, గాడిపల్లి రైతులు 253 ఎకరాల పరిహారం కోసం కొట్లాడవలసి వచ్చింది, నీళ్ల కోసం కూడా వాళ్లనే ఒంటరిగా కొట్లాడనిస్తమా? పని మొదలైన నాటి నుంచి ఆ మూడు ఊళ్ల బావుల మట్టం నెల నెలా కొలిచి, ఆ అంకెలు పంచాయతీ గోడ మీద సున్నంతో రాయించాలె. ఆ ఖర్చు విమానాశ్రయానిదే.