తొండం తెగిన ఏనుగు

పాత సామాను ఇంట్లో ఉంటే దరిద్రమట! ఈ మాట పుట్టించినవాడెవడో గాని, నాచారంలో పాతసామాన్ల కొట్లకి మాత్రం బాగా కలిసొచ్చింది. 1982లో యూరేకా ఫోర్బ్స్ మొదలయ్యాక, టై కట్టిన కుర్రాళ్ళు గుమ్మమెక్కి, మన పరుపులోని దుమ్ము మనకే చూపించి, సిగ్గుపరచి మరీ అమ్మిన వాక్యూం క్లీనర్లు ఇవాళ కిలోల లెక్కన పోతున్నాయి. వాటిని ఏరి దాచుకునేవాణ్ణి చూస్తే జనానికి నవ్వు.

ఏమండీ, నవ్వెందుకు? సాలార్‌జంగ్ మ్యూజియంలో కత్తులు చూడ్డానికి టిక్కెట్టు కొంటామే! ఏ కత్తి ఎవరి ఇల్లు ఊడ్చింది? 1901లో లండన్‌లో బూత్ దొర పేటెంటు పొందిన యంత్రం గుర్రబ్బండి మీదొచ్చి వీధిలో నిలబడేది. గొట్టాలు కిటికీల్లోంచి ఇంట్లోకి పోయేవి. అంతటిది మన మంచం కిందికి దూరేంత చిన్నదైంది. ఇది ఆడవాళ్ళ నడుంనొప్పి చరిత్ర కాదూ?

అయితే దాచేవాళ్ళకీ ఓ మాట. మోటారు అటకెక్కించి, గొట్టం, సందుల్లో దూరే సన్నమూతి, సోఫా బ్రష్షు పారేస్తే ఏం లాభం? ఫ్యాను గాలిని వెనక్కి తోస్తుందంతే. ఎక్కడి దుమ్ము పీల్చాలో తేల్చేది మూతి. కొన్ని పాతవాటికి గొట్టం వెనక బిగిస్తే ఊదేవి కూడా. గొట్టం పోతే ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది? మిగిలేది తొండం తెగిన ఏనుగే.

ఉప్పల్–నారపల్లి పైవంతెన పనులు 2018లో మొదలై ఏళ్ళకేళ్ళు సాగాయి. ఆ దుమ్ము రుచి చూడని ముక్కు మన పేటల్లో లేదు. దుమ్మేమో ఇంట్లో, దాన్ని పీల్చిందేమో తుక్కులో! ఇదెక్కడి న్యాయమండీ?