ఏనుగును కొన్న బావ

మా బావ నిరుడు ఏనుగును కొన్నాడు. నిజం ఏనుగు కాదు లెండి, నాలుగు చక్రాల ఏనుగు. తోలు సీట్లు, నెత్తిన అద్దపు కప్పు, ఏడుగురికి చోటు, నాలుగు చక్రాలూ లాగే డీజిలు ఇంజను. కొత్తలో దాని ఖరీదు వింటే మనవంటివారికి కళ్లు తిరిగేవి. బావకు మాత్రం చిన్న కారు ధరకే దొరికింది.

ఎలాగంటారా? 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిలు బళ్లు తిరగరాదన్నది. 2018లో సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టింది. దాంతో ఒళ్లు గట్టిగా ఉన్న బళ్లు కూడా నిరభ్యంతర పత్రం పుచ్చుకుని ఇతర రాష్ట్రాలకు వలస వచ్చాయి. మన దగ్గర సొంత బండికి 15 ఏళ్లు నిండితే తనిఖీ చేయించి, అయిదేసి ఏళ్ల చొప్పున రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. బేరం బాగానే ఉంది. కాని బావ ఒక లెక్క మరిచాడు. బండి ధర పడిపోయింది గాని విడి భాగాల ధర పడిపోలేదు. ఏనుగు చచ్చినా బ్రతికినా వెయ్యే అని పెద్దలు ఊరికే అన్నారా?

అంచేత బావ తానే మెకానిక్కు అవతారం ఎత్తాడు. స్పానర్ల పెట్టె కొన్నాడు. దేవరకొండలో వాళ్ల వేపచెట్టు కింద కార్ఖానా వెలిసింది. ఇంజనాయిలు మార్చాడు, బాగానే ఉంది. ఎర్రమట్టి దుమ్ముతో మూసుకుపోయిన గాలి ఫిల్టరు మార్చాడు. బండి హాయిగా ఊపిరి పీల్చింది. రేడియేటరులో నీళ్లు తగ్గితే బోరు నీళ్లు పోశాడు. అక్కడ వచ్చింది చిక్కు. చైత్రం ఎండలకు వేడి ముల్లు ఎర్రగీత ఎక్కి కూర్చుంది. నల్లగొండ ఉస్తాద్ మూత విప్పి చూసి అడిగాడు:

"ఏం నీళ్లు పోసిండ్రు సార్?"

"మా బోరు నీళ్లే ఉస్తాద్."

"అవి మనుషులే తాగలేకపోతిరి. దీనికెట్ల తాపిండ్రు?"

నవ్వు వచ్చే మాటే గాని, మన జిల్లాలో అది నవ్వే సంగతి కాదు. అయితే ఇందులో ఒక భేదం ఉంది. మనుషుల ఎముకలు వంచింది ఫ్లోరైడు. రేడియేటరు సన్న గొట్టాల్ని పూడ్చేది నీళ్లలోని సున్నపు లవణాలు. కాగే గిన్నె అడుగున తెల్లగా పట్టే పొర చూశారు గదా, అదే. నల్లా నీళ్లూ పనికిరావు. బండి పుస్తకంలో చెప్పిన కూలెంటును, దాదాపు సగానికి సగం, డిస్టిల్డు వాటరుతో కలిపి పోయాలి. ఇంజను వేడిగా ఉండగా మూత జోలికి పోరాదు. ఒత్తిడి వల్ల లోపలి నీరు నూరు డిగ్రీలు దాటినా మరగక ఆగి ఉంటుంది. మూత విప్పారో, ముఖాన ఎగజిమ్ముతుంది. ఇంకొక మాట. కూలెంటు తియ్యగా ఉంటుంది, కాని విషం. పారబోసింది పిల్లలకూ కుక్కలకూ అందకుండా చూడండి.

ఇదంతా డబ్బుతో పోయిన తప్పు. రెండో తప్పు ప్రాణాలమీదికి వచ్చింది.

కార్తీకంలో శ్రీశైలం బయలుదేరాం. అక్క, పిల్లలిద్దరు, మా అమ్మ వెనక, నేను ముందు. డిండి దాటి, మన్ననూరు దాటి, నల్లమలలో హాయిగా సాగాం. దోమలపెంట దాటాక కృష్ణవైపు దిగుడు. బావ అడుగడుక్కీ బ్రేకు తొక్కుతున్నాడు. ఒక మలుపులో తొక్కిన పెడలు మెత్తగా అడుగుకు దిగిపోయింది. బండి ఆగలేదు. బావ ముఖం చూసి నాకు సంగతి తెలిసింది. "గేరు దించు బావా!" అని అరిచాను. గేరు దించి, చేతి బ్రేకు మెల్లమెల్లగా లాగి, కొండవైపు అంచుకు రాసుకుంటూ ఆపాడు. వెనక అమ్మ మల్లన్నను తలుచుకుంటున్నది. అక్క మాట్లాడలేదు.

వింత వినండి. అరగంట ఆగాక తొక్కి చూస్తే బ్రేకు మామూలుగా గట్టిగానే ఉంది! చాలామంది మోసపోయేది ఇక్కడే. "తగ్గిపోయింది" అని మళ్లీ బయలుదేరతారు.

కారణం ఇది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తది 230 డిగ్రీలకు గాని మరగదు. నాలుగు శాతానికి లోపుగా నీరు చేరితే చాలు, 155 డిగ్రీలకే మరగవచ్చు. రెండు టన్నులు దాటిన బండిని ఘాటులో బ్రేకులతోనే ఆపుతుంటే ఆ వేడి రానే వస్తుంది. నూనె ఆవిరవుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది గాని చక్రాన్ని పట్టదు. చల్లారితే మళ్లీ నూనె అవుతుంది. బావ ఆ నూనె మార్చనే లేదు. ఎందుకంటే, "డబ్బా నిండుగానే ఉందిగా" అన్నాడు.

అందుకని, పాత పెద్ద బండి ఉన్న సోదరులారా, ఇవి మాత్రం మరువకండి. బ్రేకు నూనె నిండుగా ఉన్నా రెండేళ్లకోసారి మార్పించండి. ఘాటులో ఎక్కిన గేరులోనే దిగండి. ఆటోమేటిక్కు బండికీ గేరు దించే ఏర్పాటు ఉంటుంది. టైరు గాడి చూసి మురిసిపోక, పక్కన నాలుగంకెల ముద్ర చదవండి: 2319 అంటే 2019లో 23వ వారపు టైరు. జాకీ మీద నిలిపిన బండి కిందికి ఎన్నడూ దూరవద్దు, స్టాండ్లు పెట్టండి. ఆయిలు, ఫిల్టర్లు, బాటరీ, వైపర్లు మీ చేతి పని. బ్రేకులు, స్టీరింగు, ఎయిర్‌బ్యాగులు, డీజిలు పంపు ఉస్తాద్ పని.

మేము ఆ పూట కదలలేదు. మరొక బండి పిలిపించి అమ్మను, పిల్లల్ని పంపాం. మర్నాడు మెకానిక్కు వచ్చి పాత నూనె తీస్తే డికాషనులా నల్లగా కారింది.

వేపచెట్టు కింది కార్ఖానా ఇంకా నడుస్తూనే ఉంది. కాని ఇప్పుడు దాని గోడకు ఒక కాగితం వేలాడుతున్నది. ఏ నూనె ఏ తేదీన మార్చిందీ అందులో ఉంటుంది. చేతివ్రాత మా అక్కది!