ప్రాచ్య కళాశాలల్లో కంప్యూటరు పాఠాలు: సంరక్షణ బాధ్యత ఎవరిది?

తాళపత్ర గ్రంథం పూర్తిచేసిన లేఖకుడు చివర రెండు మాటలు విన్నవించుకోవడం భారతదేశంలో చిరకాలపు ఆచారం. నడుము వంగి, మెడ వంచి, చూపు నిలిపి, ఎంతో కష్టపడి వ్రాసిన ప్రతి ఇది, జాగ్రత్తగా కాపాడండి అని అతడు వేడుకొంటాడు. నూనె తగలనీయవద్దనీ, నీరు సోకనీయవద్దనీ, కట్టు సడలనీయవద్దనీ, మూర్ఖుని చేతికి ఈయవద్దనీ చేసే హెచ్చరికలు పలు ప్రతుల ముగింపులో కనిపిస్తాయి. ప్రాచ్య కళాశాలల అధ్యాపకులకు ఇవి క్రొత్త సంగతులు కావు. అయితే కళాశాలలో కంప్యూటరు వినియోగం ఎట్లా ఉండవలెనన్న చర్చ వచ్చినప్పుడు మాత్రం ఆ లేఖకుడు ఎవరికీ గుర్తుకు రాడు. ఆ విషయం యంత్రాలు తెలిసినవారిదనీ, భాషాపండితులకు అందులో చెప్పదగినది లేదనీ ఒక భావం స్థిరపడిపోయింది. ఈ భావం పునఃపరిశీలించదగినది.

నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ ప్రాంతాల నుండి నగరానికి వచ్చే పరిశోధక విద్యార్థికి మొదట తగిలేది ఎల్.బి. నగర్ కూడలి. 2018 సెప్టెంబరు నుండి అక్కడి నుంచి మెట్రో రైలు కూడ నడుస్తున్నది. కొత్తపేట, చైతన్యపురి దాటితే దిల్‌సుఖ్‌నగర్. పోటీ పరీక్షల శిక్షణాలయాలు, కంప్యూటరు కోర్సుల బోర్డులు, జిరాక్సు దుకాణాలు, డి.టి.పి. కేంద్రాలు, బైండింగు చేసేవారు, అందరూ ఆ వీధుల్లోనే ఉంటారు. చేతివ్రాతలో ఉన్న సిద్ధాంత గ్రంథం అక్షరకూర్పు పొంది, దిద్దుబాట్లు పూర్తిచేసుకొని, అట్ట కట్టించుకొని విశ్వవిద్యాలయానికి చేరే మార్గంలో ఇటువంటి వీధి ఒకటి తప్పనిసరిగా ఉంటుంది. నాలుగైదేళ్ళ కృషి ఫలితంగా విద్యార్థి చేతికి వచ్చేది కొన్ని ముద్రిత ప్రతులు, ఒక పి.డి.ఎఫ్. మూలపాఠం మాత్రం, అనగా దిద్దడానికీ, వెదకడానికీ, మరల వాడుకోవడానికీ వీలైన అసలు ఫైలు, తరచుగా కూర్పరి యంత్రంలోనే ఉండిపోతుంది. అడిగి తీసుకొనేవారు కొందరే. తీసుకొన్నవారికైనా అది ఎంతకాలం పనికివస్తుందన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్న అక్షర సంకేతానికి సంబంధించినది. యూనికోడ్ తొలి సంచిక 1991లో వెలువడినప్పుడే తెలుగు లిపికి 128 స్థానాల పట్టిక కేటాయింపబడింది. భారతీయ లిపులన్నింటికీ ఉమ్మడిగా ఇస్కీ అనే ప్రమాణం కూడ అదే సంవత్సరం సవరణ పొందింది. అయినప్పటికీ ముద్రణరంగం ఆ మార్గాన నడవలేదు. నాటి పేజ్‌మేకరుకు యూనికోడ్ తెలియదు. అందుచేత అను, శ్రీలిపి వంటి ఫాంట్లు రోమను అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షర ఖండాలను, అంటే తలకట్టును, గుడిని, ఒత్తును, కొమ్మును నిలిపి పని జరిపించాయి. ఇవి తెలుగు ముద్రణకు చేసిన మేలు చిన్నది కాదు. సీసపు అక్షరాల నుండి తెలుగు పత్రికలనూ, పుస్తకాలనూ బయటపడవేసినవి ఇవే. కాని ఈ పద్ధతిలో కూర్చిన పాఠం తెలుగు పాఠం కాదు. తెలుగువలె కనిపించే రోమను పాఠం. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పోతన పద్యమైనా, పాణిని సూత్రమైనా అర్థం లేని రోమను అక్షరాల గుంపుగా దర్శనమిస్తుంది. లేఖకుడు చెప్పిన 'కట్టు సడలడం' ఇదే. ఆకులన్నీ ఉంటాయి, వరుస మాత్రం ఉండదు.

ఈ పద్ధతిని సమర్థించేవారు ప్రాచ్య విభాగాల్లో తరచుగా చెప్పే కారణం ఒకటి ఉన్నది. వ్యాకరణ, ఛందో గ్రంథాలకు కావలసిన ప్రత్యేక చిహ్నాలు యూనికోడులో లేవని వారి వాదం. ఒకప్పుడు ఇందులో నిజం లేకపోలేదు. దంత్య చ, జలకు వాడే ౘ, ౙ అక్షరాలు, అవగ్రహ చిహ్నం 2008లో గాని చేరలేదు. నకారపొల్లుకు ప్రత్యేక స్థానం 2021లో లభించింది. అరసున్న, శకటరేఫ మొదటినుండీ ఉన్నవే. కనుక బాలవ్యాకరణాన్ని గాని, ప్రౌఢవ్యాకరణాన్ని గాని యథాతథంగా కూర్చడానికి నేడు అడ్డంకి లేదు. అక్షరాల అందం చాలదన్నది రెండవ అభ్యంతరం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2011లో యూనికోడ్ సంస్థలో సభ్యత్వం తీసుకొన్న తరువాత సిలికానాంధ్ర పూనికతో గిడుగు, గురజాడ, మండలి, సురవరం మొదలైన పేర్లతో ఉచిత ఫాంట్లు వెలువడ్డాయి. ఇన్‌డిజైనులో భారతీయ లిపుల కూర్పు సాధ్యమై దశాబ్దం దాటింది. పేజ్‌మేకరు చివరి సంచిక 2001 నాటిది. దానిని ఇంకా పట్టుకొని ఉండడానికి కారణం అలవాటే తప్ప లిపి అవసరం కాదు. (అలవాటు బలమైనదే. వాడుకభాష విషయంలో పండితులు ఎన్ని దశాబ్దాలు వాదించుకొన్నారో తెలిసినవారికి ఇది ఆశ్చర్యం కలిగింపదు.)

ఇది కేవలం ముద్రణ సౌకర్యానికి సంబంధించిన విషయమై ఉంటే ఇంత చర్చ అనవసరం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నిబంధనలు పిహెచ్.డి. గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించడం తప్పనిసరి చేశాయి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే శోధ్‌గంగలో అవి చేరుతున్నాయి. 2018 నిబంధనలు గ్రంథచౌర్యానికి మెట్లు ఏర్పరచాయి. పోలిక పది శాతం లోపు అయితే దోషం లేదు. నలభై శాతం వరకు అయితే సవరించి మరల సమర్పించాలి. అరవై వరకు అయితే ఏడాదిపాటు సమర్పణకు అనర్హత. అరవై దాటితే నమోదు రద్దు. ఈ పోలికను లెక్కించేది యంత్రం. ఆ యంత్రానికి పాత ఫాంటులో ఉన్న తెలుగు గ్రంథం చేరినప్పుడు అది చూసేది రోమను అక్షరాల గుంపును. పుటలను బొమ్మలుగా తీసిన పి.డి.ఎఫ్.లోనైతే దానికి అక్షరమే కనిపించదు. రెండు సందర్భాల్లోనూ 'పోలిక లేదు' అనే ధ్రువపత్రం సులభంగా వస్తుంది. అది పరిశోధకుని నిజాయితీకి ప్రమాణం కాజాలదు. యంత్రం చదవలేకపోయిందని మాత్రమే దానికి అర్థం. ఇందువల్ల ఎక్కువగా నష్టపోయేవాడు నిజాయితీ గల పరిశోధకుడే. అతని గ్రంథం శోధ్‌గంగలో ఉన్నా పదం వెదికినవారికి దొరకదు. దానినుండి ఎవరైనా ఎత్తివ్రాసినా పట్టుబడదు.

సంస్కృతం విషయంలో మరొక చిక్కు ఉన్నది. అదే నిబంధనల్లో యాదృచ్ఛికంగా కలిసే మాటలకు వరుసగా 14 పదాల వరకు మినహాయింపు ఇచ్చారు. గద్యంలో, అందులోనూ ఆంగ్లంలో, పద్నాలుగు పదాలంటే ఒక వాక్యం. ముప్పది రెండు అక్షరాల అనుష్టుప్పు సమాసభూయిష్ఠమైనప్పుడు పది పదాలకు మించకపోవచ్చును. ఒక పూర్తి శ్లోకార్థాన్ని అపహరించినా లెక్కకు రాదన్నమాట. పైగా సంధి కలిపి వ్రాసిన పాఠమూ, విడదీసి వ్రాసిన పాఠమూ యంత్రానికి రెండు వేర్వేరు గ్రంథాలు. కాబట్టి పర్యవేక్షకుడు యంత్రపు అంకెను సంతకానికి ముందు వచ్చే లాంఛనంగా భావించడం తగదు. ఆ అంకె ఏ ఫైలు మీద, ఏ సంకేతంలో ఉన్న పాఠం మీద వచ్చినదో అడిగి తెలుసుకోవడం అతని విధి.

ఇక 'మూర్ఖుని చేతికి ఈయవద్దు' అన్న హెచ్చరిక. కూర్పరిని మూర్ఖుడనడం అన్యాయం. దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో ఎన్నో గ్రంథాల అక్షరదోషాలను మౌనంగా సవరించి పంపినవారు కూర్పరులలో లేకపోలేదు. లోపం వారిది కాదు. ఏ షరతూ లేకుండా పాఠాన్ని అప్పగించి వచ్చే సంస్థది. పని ముగిసిన తరువాత ఫైలు ఎవరిది, దానిని మరొకరికి ఈయవచ్చునా, యంత్రం నుండి ఎప్పుడు తొలగించవలె అన్న విషయాలు కాగితం మీద ఉండవు. విద్యార్థుల పరిస్థితి కూడ ఇట్లే ఉన్నది. ఉపకార వేతనాల దరఖాస్తుకు నెట్ కేంద్రానికి వెళ్ళి ఆధారు, బ్యాంకు పాసుపుస్తకం, కుల ధ్రువపత్రం నకళ్ళు ఎక్కిస్తారు. అవి అక్కడి యంత్రంలో ఉండిపోతే తొలగించేవారు ఎవరు? 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చిందన్న సంగతి ఆ బల్ల దగ్గర కూర్చున్న విద్యార్థికి చెప్పవలసినది కళాశాలయే. అదే కళాశాల కార్యాలయంలో పాస్‌వర్డును చీటీ మీద వ్రాసి తెరకు అంటించి ఉంచితే ఆ బోధ ఫలించదు.

లైసెన్సు లేని సాఫ్టువేరు మాట ఎత్తితే చాలామంది నవ్వి ఊరుకొంటారు. కాపీరైటు చట్టంలోని 63 బి నిబంధన దొంగప్రతి అని తెలిసి కంప్యూటరు ప్రోగ్రామును వాడినవారికి ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ళ వరకు జైలు, యాభై వేలకు తగ్గకుండా రెండు లక్షల వరకు జరిమానా విధిస్తున్నది. లాభాపేక్ష లేనిచోట జైలు తప్పవచ్చునని వెసులుబాటు ఉన్నా నేరం నేరమే. గ్రంథచౌర్యం గురించి ఉపన్యసించే విభాగం దొంగప్రతి మీద ప్రశ్నపత్రం కూర్చడం హాస్యాస్పదం. తెలుగు టైపుకు డబ్బు ఖర్చు కూడ లేదు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి ఫాంటు వచ్చింది. ఇన్‌స్క్రిప్టు మీటలు యంత్రంలోనే ఉంటాయి.

కాపీరైటులోనే రెండవ వైపు కూడ ఉన్నది. అతిభయం కూడ వనరుల దుర్వినియోగమే. రచయిత మరణించిన సంవత్సరం ముగిసిన పిమ్మట అరవై ఏళ్ళకు రచన ప్రజల సొత్తు అవుతుంది. సురవరం ప్రతాపరెడ్డి 1953లో కీర్తిశేషులైనారు. 2014 నుండి వారి రచనలను ఏ కళాశాల అయినా యూనికోడులో కూర్చి విద్యార్థులకు ఈయవచ్చును. విశ్వనాథ సత్యనారాయణ 1976లో దివంగతులైనారు కనుక 2036 ముగిసేదాకా ఆ స్వేచ్ఛ లేదు. ఈ చిన్న లెక్క తెలియక మొదటి కోవకు చెందిన గ్రంథాలను ముట్టుకోనివారూ, రెండవ కోవకు చెందినవాటిని వాట్సాపులో పంచేవారూ ఒకే సిబ్బంది గదిలో కూర్చొని ఉంటారు. పాఠ్యాంశాల జిరాక్సు విషయంలో ఢిల్లీ హైకోర్టు 2016లో ఇచ్చిన తీర్పు విద్యాబోధనకు అనుకూలమైనది. అది తరగతి అవసరానికి వర్తించేదే గాని పుస్తకాల వ్యాపారానికి కాదు.

పత్రికాభాండారాల నుండి మూకుమ్మడిగా దించుకోవడం గురించి ఒక్క ఉదాహరణ చాలును. 2010లో అమెరికాలోని ఎం.ఐ.టి. నెట్‌వర్కు నుండి ఆరన్ స్వార్ట్‌జ్ అనే యువకుడు జేస్టోర్ వ్యాసాలను లక్షల సంఖ్యలో దించుకొన్నప్పుడు జేస్టోర్ ఆ విద్యాసంస్థ మొత్తానికే కొన్ని రోజులు ప్రవేశం ఆపివేసింది. ప్రాసిక్యూషను ఎదుర్కొంటూ ఆ యువకుడు 2013 జనవరిలో ప్రాణం తీసుకొన్నాడు. జ్ఞానం అందరిదీ కావలెనన్న అతని ఆశయం గొప్పదే కావచ్చును. శిక్ష నేరానికి మించినదన్న విమర్శలోనూ బలమున్నది. కాని ఒకరి చర్యకు ఆ కొన్ని రోజులు వేలమంది పాఠకులు వెలుపల నిలిచారన్నది వాస్తవం.

దాచుకోవడంలో తెలుగు పాఠకులకు తగిన అనుభవమే ఉన్నది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలకొలది తెలుగు పుస్తకాలను పుటలు పుటలుగా బొమ్మలు తీయించింది. పేర్లు రోమను లిపిలో తప్పులతడకగా ఎక్కినందున దొరికినవాడికి దొరికినంత. 2017లో ఆ సైటు మూతపడింది. ఇంటర్నెట్ ఆర్కైవులోకి ప్రతులు చేరి ఉండకపోతే ఎంతోమంది పరిశోధకుల పాదసూచికలు నిరాధారమయ్యేవి. నీటి సంగతి నగరానికి ఇంకా బాగా తెలుసు. 2000 ఆగస్టు వరదలో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని ఉర్దూ గ్రంథాలు తడిశాయి. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానకు సరూర్‌నగర్ చెరువు దిగువనున్న కాలనీలు, దిల్‌సుఖ్‌నగర్ పరిసరాలు నీట మునిగాయి. తడిసిన కాగితాన్ని ఆరబెట్టి కొంతైనా దక్కించుకోవచ్చును. నేల అంతస్తులో బల్ల క్రింద ఉన్న యంత్రంలోని ఒకే ఒక్క ప్రతి తడిస్తే ఆరబెట్టడానికి ఏమీ ఉండదు.

దీనికి ఖరీదైన ఏర్పాట్లు అక్కరలేదు. గ్రంథం సమర్పించే నాడు పి.డి.ఎఫ్.తో పాటు యూనికోడు మూలపాఠాన్ని కూడ తీసుకొని, ఒక ప్రతి గ్రంథాలయంలోనూ మరొకటి వేరొక భవనంలోనూ ఉంచితే చాలా పని జరిగినట్లే. పాత ఫాంట్లలో ఉన్నవాటిని మార్చే పరికరాలు లభిస్తున్నాయి గాని, మార్పిడిలో ఒత్తులు తారుమారవుతాయి. ద్విత్వ సంయుక్తాల వద్ద తప్పులు మిగులుతాయి. ఆ దిద్దుబాటు చేయగలవాడు యంత్రనిపుణుడు కాడు. పాఠాంతరాలు పోల్చడం నేర్చిన ప్రాచ్య కళాశాల విద్యార్థియే. పాఠపరిష్కరణం పాఠ్యాంశంగా ఉన్నచోట ఇదే అభ్యాసంగా పెట్టవచ్చును.

వ్రాతప్రతుల భాండారంలో ప్రతి తాళపత్రానికీ ఒక సంఖ్య, లిపి, ఆకుల లెక్క, స్థితి, ఇచ్చినవారి పేరు నమోదై ఉంటాయి. కళాశాల గ్రంథాలయపు నమోదు పుస్తకంలో కంప్యూటరు కొన్న తేదీ, ధర ఉంటాయి. ఆ కంప్యూటరులోని పాఠాలకు గడి లేదు.