స్నానం చేసినా.. డీఎన్ఏ సాక్ష్యం పోయినట్టేనా?

లైంగిక దాడి తర్వాత చాలామంది బాధితులు ముందు స్నానం చేసేస్తారు. ‘ఇంకేం ఆధారం మిగులుతుందిలే’ అని ఫిర్యాదుకు వెనకాడతారు. కానీ సైన్స్ మాట వేరు.

చర్మంపై పడిన లాలాజలం నుంచి కడిగాక కూడా కొన్నిసార్లు డీఎన్ఏ దొరుకుతుందని పరిశోధనల్లో తేలింది. ముందు తడి స్వాబ్‌తో, వెంటనే పొడి స్వాబ్‌తో అదే చోట తుడుస్తారు. తడిది కణాలను వదులు చేస్తుంది, పొడిది మిగిలినవాటిని పీల్చుకుంటుంది. మహిళా బాధితురాలి డీఎన్ఏనే ఎక్కువగా ఉన్నా, మగవారి వై క్రోమోజోమ్‌ను పట్టే పరీక్ష వేరే ఉంది.

అలాగని కడిగినా ఫర్వాలేదని కాదు. గంటలు గడిచేకొద్దీ అవకాశం తగ్గుతుంది. కేంద్ర ఆరోగ్యశాఖ 2014 మార్గదర్శకాలు నమూనాల సేకరణకు పెట్టిన గడువు 96 గంటలు.

అసలు చిక్కు ల్యాబ్‌లో కాదు, ఆలస్యంలోనే. బాధితులు నేరుగా ఆసుపత్రికి వస్తే ‘ఎఫ్ఐఆర్ ఉంటేనే పరీక్ష’ అనడం కుదరదని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ‘స్నానం చేశావుగా’ అని వెనక్కి పంపితే.. మిగిలిన ఆ కాస్త ఆధారమూ పోతుంది.

ఇక డీఎన్ఏ దొరకనంత మాత్రాన నేరం జరగనట్టు కాదు. బాధితురాలి వాంగ్మూలం నమ్మదగినదైతే దాని ఆధారంగానే శిక్ష వేయొచ్చని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. సాయానికి 112, మహిళల హెల్ప్‌లైన్ 181.