డీవీడీ డ్రైవ్ గోల పెడుతోందా?

మొన్న రాజమండ్రి వెళ్లినప్పుడు అక్క పెళ్లి డీవీడీ కంప్యూటర్‌లో పెట్టా. రైసుమిల్లు ఆడినట్టు ఒకటే గోల! తాతయ్య గొంతు మాకు మిగిలింది అందులోనే. ఉన్నది ఒక్కటే కాపీ.

తీసి చూస్తే, పైన అంటించిన కాగితం లేబుల్ ఓ పక్క లేచింది. బరువు ఒకవైపు ఒరిగితే డిస్క్ వణుకుతుంది. 52ఎక్స్ వేగంలో సీడీ నిమిషానికి దాదాపు 10 వేల చుట్లు తిరుగుతుంది మరి! వీడియో చూడ్డానికి 1ఎక్స్ చాలు.

లేబుల్ నొక్కి అంటించి, నీరో డ్రైవ్‌స్పీడ్‌లో వేగం 4ఎక్స్‌కి తగ్గించా. గోల తగ్గింది. వెంటనే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశా.

మీరూ డిస్క్‌ని మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవండి, గుండ్రంగా కాదు. పగులుంటే మాత్రం అసలు పెట్టొద్దు, లోపలే ముక్కలైపోవచ్చు.

ఇప్పుడు తాతయ్య మా అందరి ఫోన్లలోనూ ఉన్నారు.